హైదరాబాదు క్లోరోఫారం నివేదిక: పంటి వైద్యమునకు ఒక పాఠము

పన్ను పీకునప్పుడు నొప్పి తెలియకుండ చేయుట ఎంత అవసరమో, అందుకై ఇచ్చు మందు ప్రాణము తీయకుండ చూచుటయు అంతే అవసరము. ఈ రెండవ విషయమున వైద్యలోకమునంతటిని చర్చకు దింపిన ప్రయోగములు హైదరాబాదులోనే జరిగినవి. అప్పుడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు కూడ నిజాము రాజ్యములోనివే.

1847లో సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. మరుసటి సంవత్సరము నుండియే దానివలన ఆకస్మిక మరణములు సంభవింపసాగెను. వాటిలో పన్ను పీకుట వంటి చిన్న పనులకు మందు పీల్చినవారివి తక్కువ కాదు. గుండె ముందు ఆగుచున్నదని ఒక పక్షము, శ్వాసయే ముందు ఆగుచున్నదని మరొక పక్షము వాదించెను. హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ రెండవ పక్షమువాడు. నిజాము ప్రభుత్వ సహాయముతో 1888లో ఒక సంఘము, 1889లో మరొకటి ఏర్పడెను. రెండవ దానికి ‘లాన్సెట్’ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ లండను నుండి వచ్చెను. వందలకొలది జంతువులపై పరీక్షలు జరిపి, శ్వాసయే ముందు ఆగునని, శ్వాసను గమనించిన చాలునని తేల్చిరి.

ఈ నివేదిక గుణము గుర్తింపదగినది. మత్తులో ఉన్నవాని శ్వాసను క్షణమైనను విడువక గమనింపవలెనను సలహా నేటికిని శిరోధార్యము. కాని లోపము ముగింపులో ఉన్నది. ఎక్కువ జంతువులకు మందును అంతకంతకు పెంచుచు ఇచ్చిరి. అట్టి గాఢమైన మత్తులో శ్వాస ముందు ఆగుట నిజమే. మనుష్యులలో చాల మరణములు అట్లు కాక, మత్తు పూర్తిగా ఎక్కకముందే సంభవించినవి. భయముతో బిగుసుకొని కూర్చున్న రోగికి కొద్దిగా మందు పీల్పించి వెంటనే పన్ను పట్టినప్పటి స్థితి అదియే. 1911లో లెవీ పిల్లులపై ప్రయోగించి, తేలికపాటి క్లోరోఫారం మత్తులో అడ్రినలిన్ చేరినచో గుండె జఠరికలు లయ తప్పి వణకి ఆగిపోవునని చూపెను. భయము, నొప్పి కలిగినప్పుడు శరీరము తనంతట తానే విడుదల చేయునది ఆ అడ్రినలిన్‌నే. హైదరాబాదు ప్రయోగము తాను పరీక్షించిన స్థితికి సరియైన జవాబు చెప్పినది; పరీక్షింపని స్థితికి కూడ దానినే వర్తింపజేయుట తప్పు.

అసలు పంటికొరకు స్పృహ తప్పింపనక్కర లేదని 1884లోనే తెలిసినది. ఆ సంవత్సరము న్యూయార్కులో హాల్‌స్టెడ్, అతని సహచరులు కొకెయిన్ సూదితో దవడనాడిని మొద్దుబార్చిరి. 1943లో స్వీడనులో లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకైన్ నేడు దంతవైద్యుని ప్రధాన సాధనము. దానిలో తరచుగా 80,000 పాళ్లకు ఒక పాలు అడ్రినలిన్ కలుపుదురు. అది రక్తనాళములను ముడుచుకొనునట్లు చేసి, మందును చోటు కదలనీయదు. క్లోరోఫారముతో ప్రాణాంతకమైనదే లిగ్నోకైన్‌తో, తగు మోతాదులో, సహాయకారి అగుచున్నది. మిక్కిలి భయపడువారికి, పిల్లలకు నైట్రస్ ఆక్సైడును ఆక్సిజనుతో కలిపి పీల్పింతురు. గాఢమైన మత్తు ఇచ్చినప్పుడు శ్వాసను, నాడిని, రక్తములోని ఆక్సిజనును మూడింటిని గమనింతురు. పాత తగవునకు ఇదియే తీర్పు.

అయినను చీము పట్టిన పంటివద్ద సూది వేసినను నొప్పి పోకపోవచ్చును. రోగి నటించుచున్నాడని అనుకొనరాదు. విద్యుదావేశము లేని లిగ్నోకైన్ అణువులే నాడి పొరను దాటగలవు. పి.హెచ్. 7.4 వద్ద అవి ఇంచుమించు నాలుగవ వంతు. వాపువలన పి.హెచ్. 6.4కు దిగినచో నూటికి మూడు మాత్రమే. పైగా వాచిన నాడి తేలికగా ఉద్రేకము చెందును. అందుచేత వైద్యుడు వాపునకు దూరముగా, నాడి దవడలో ప్రవేశించు చోట సూది వేయును; అవసరమైనచో ముందు చీము తీయును.

2022లో మహబూబాబాదున, 2023లో జనగామ, భూపాలపల్లిలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. అక్కడి విద్యార్థులకు ఈ నివేదిక ఇంటి చరిత్ర. ప్రయోగశాల ఫలితము ఎంత గట్టిదైనను, నాడి ముందు ఆగినదన్న వైద్యుని సాక్ష్యమును గాని, నొప్పి పోలేదన్న రోగి మాటను గాని కొట్టివేయుటకు అది చాలదు. ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పవలసినది ఇంకొకటి ఉన్నది: చీము పట్టకముందే వెళ్లినచో సూదిమందు చక్కగా పని చేయును, భయపడి ఆలస్యము చేసినకొలది, ఆ భయమే నిజమగును.