వేటలో వాటా

మా కోయల్లో పాతకాలపు వేటకు ఒక కట్టుబాటు ఉండేది. బాణం ఎవరిదైనా మాంసం ఊరిది. కేకలేసి జంతువును తోలినవాడికీ, మోసుకొచ్చినవాడికీ, వేటకు రాలేని ముసలివాళ్ల ఇంటికీ వాటా వెళ్లేది. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే బ్రెస్సాన్ (1908–2004) ఫొటోలు చూస్తుంటే నాకు ఈ కట్టుబాటే గుర్తుకొచ్చింది. ఆయన కూడా తన పనిని వేటతో పోల్చుకున్నవాడే.

ఆయన జీవితకాలపు పనినంతా ఒకచోట చేర్చి 2014లో పారిస్‌లోని పాంపిదూ సెంటర్‌లో పెద్ద ప్రదర్శన పెట్టారు. దాన్ని కూర్చినవాడు క్లెమాన్ షెరూ అనే ఫొటోగ్రఫీ చరిత్రకారుడు. నేను పారిస్ వెళ్లలేదు. ఆ ఫొటోల్లో చాలావాటిని పుస్తకాల్లోనూ ఫోన్‌లోనూ చూశాను, ప్రదర్శన గురించి చదివాను. కార్తియే బ్రెస్సాన్ అనగానే ‘నిర్ణాయక క్షణం’ అనే ఒక్క మాట చెప్పి ఊరుకోవడం అందరికీ అలవాటు. 1952లో వచ్చిన ఆయన పుస్తకానికి ఇంగ్లీషులో పెట్టిన పేరు అది. ఫ్రెంచి పేరు వేరు. హడావుడిగా, చాటుమాటుగా తీసిన బొమ్మలని దాని భావం. షెరూ ఆ ఒక్క మాట దగ్గర ఆగలేదు. సర్రియలిస్టుల వెంట తిరిగిన కుర్రవాణ్ణి, కమ్యూనిస్టు పత్రికకు పనిచేసినవాణ్ణి, 1947లో మిత్రులతో కలిసి మాగ్నమ్ సంస్థ పెట్టి దేశాలు తిరిగినవాణ్ణి, చివరికి కెమెరా పక్కన పెట్టి బొమ్మలు గీసుకున్నవాణ్ణి వరసగా చూపించాడు. మహానుభావుడని దండ వేయకుండా, ఏ కాలంలో ఏ నమ్మకంతో పనిచేశాడో చెప్పాడు. ఇది ఈ ప్రదర్శనలోని మంచి.

నాకు బాగా నచ్చినవి 1937 నాటి లండన్ ఫొటోలు. ఆరో జార్జి పట్టాభిషేకం చూసి రమ్మని పత్రిక పంపింది. ఆయన రాజు వైపు కెమెరా తిప్పలేదు. రాజును చూడ్డానికి వచ్చిన జనాన్నే తీశాడు. ఒక ఫొటోలో పైన గోడమీద జనం వరసగా కూర్చుని ఎదురుచూస్తున్నారు. కింద చిత్తుకాగితాల మధ్య ఒకడు ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు. రాజుగారి పండగలో మామూలు మనిషి ఎక్కడుంటాడో ఆ ఒక్క ఫొటో చెబుతుంది.

ఇక వేట సంగతి. 1931లో ఆయన ఫ్రాన్సు ఏలుబడిలో ఉన్న ఐవరీ కోస్ట్ వెళ్లాడు. అక్కడ జంతువుల్ని వేటాడి, మాంసం ఊళ్లవాళ్లకు అమ్ముకుని బతికాడు. మలేరియా ముదిరి వచ్చే నల్లమూత్ర జ్వరంతో చావు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. తర్వాత మార్టిన్ ముంకాచీ ఆఫ్రికాలో తీసిన ఒక ఫొటో చూశాడు. ముగ్గురు నల్లజాతి పిల్లలు అలల్లోకి పరుగెత్తుతున్న ఫొటో అది. ఆయన్ను కెమెరా వైపు మళ్లించింది అదే. లైకా కెమెరా కొన్నాడు. మెరిసే భాగాలు కనబడకుండా నల్లటేపు అంటించి వీధుల్లో మాటు వేశాడు.

ఇక్కడే నాకు పేచీ ఉంది. ఆయన ఫొటోల కింద రాత చూడండి. గాంధీ, మాతీస్, సార్త్ర్ వంటివాళ్లకు పేర్లుంటాయి. కూలిన గోడల మధ్య కర్రల ఊతంతో ఆడుతున్న పిల్లవాడి ఫొటో కింద ‘సెవిల్, 1933’ అని మాత్రమే ఉంటుంది. ముంకాచీ ఫొటోలోని ముగ్గురు పిల్లల పేర్లూ ఆ ఫొటో కింద లేవు. ప్రదర్శన తీసినవాడి జీవితాన్ని ఏడాది ఏడాదికీ వెతికింది. తీయబడినవాళ్లను మాత్రం పాత రాతల దగ్గరే వదిలేసింది.

ఈ లోటు మనకు చిన్నదిగా అనిపించదు. ఒకసారి ఒక గోడ క్యాలెండర్‌లో మా ఊరి అవ్వ బొమ్మ చూశాను. కింద ‘గిరిజన మహిళ’ అని ఉంది. ఆమెకు పేరుంది, ఇంటిపేరుంది, గట్టు ఉంది. ఆ క్యాలెండర్ ఒక్కటి కూడా ఆమె ఇంటికి రాలేదు.

ముందే అడిగితే ఆ క్షణం పోతుంది కదా అని మీరు అనవచ్చు. నిజమే. జంతువుకు చెప్పి ఎవరూ వేటాడరు. నేను అడిగేది వేట తర్వాతి సంగతి. ఫొటో తీశాక నాలుగడుగులు వేసి పేరు కనుక్కోవచ్చు. కార్తియే బ్రెస్సాన్‌కు తన ముఖం ఫొటోకు చిక్కడం ఇష్టముండేది కాదు. అలా చిక్కడమంటే ఏమిటో ఆయనకు తెలుసన్నమాట.

ఇప్పుడు మన పిల్లల చేతుల్లోనూ కెమెరా ఫోన్లున్నాయి. జాతరలో, సంతలో వాళ్లే తీస్తున్నారు. ఉపాధ్యాయ మిత్రులకు నా మాట ఒకటే. ఆయన లండన్ ఫొటోలు తరగతిలో చూపించండి. రాజును వదిలి జనం వైపు తిరగడం పిల్లలు ఆయన దగ్గర నేర్చుకోవాలి. ఆ తర్వాత వాళ్లు తీసిన ప్రతి ఫొటో వెనక మనిషి పేరు, ఊరు, చేస్తున్న పని రాయించండి. ఒక కాపీ ఆ ఇంటికి పంపించండి.