తీరిక వేళల సద్వినియోగం: ఒక వ్యాసాంశంపై పునరాలోచన

‘తీరిక వేళల సద్వినియోగం’ అన్న వ్యాసం రాయకుండా బడి చదువు ముగించిన తెలుగు విద్యార్థులు తక్కువ. కాలం విలువైనదని మొదటి పేరా, పనితోపాటు విశ్రాంతి కూడా అవసరమని రెండో పేరా, తరవాత పుస్తక పఠనం, తోటపని, తపాలా బిళ్ళల సేకరణ, సంఘసేవ. చివర తీరికను వృథా చేసేవాడు జీవితాన్నే వృథా చేసుకుంటాడన్న హెచ్చరిక. తరాలు మారినా ఈ చట్రం మారలేదు. ఈనాటి పత్రికల అనుబంధాల్లోనూ వ్యక్తిత్వ వికాస గ్రంథాల్లోనూ అదే వ్యాసం ‘పని-జీవిత సమతుల్యం’ అనే కొత్త పేరుతో కనిపిస్తున్నది. తపాలా బిళ్ళల స్థానంలో వ్యాయామమూ ధ్యానమూ వచ్చాయి. ఈ రచనలన్నిటికీ ఆధారమైన భావన ఒకటున్నది. తీరిక అనే కొంత కాలం ప్రతి మనిషికీ సొంత ఆస్తిలాగా ఉంటుందనీ, దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో తెలియకపోవడమే సమస్య అనీ ఆ భావన. గుడియాత్తం, వేలూరు తెలుగువారి ఇళ్ళలో కొన్నేళ్ళుగా పదసేకరణ చేస్తున్న మాకు ఇది నిలిచే మాటగా తోచడం లేదు. ఎందుకు తోచడం లేదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ ఊళ్ళను గురించి రెండు మాటలు. కౌండిన్య నది ఒడ్డున ఉన్న గుడియాత్తం చేనేత లుంగీలకూ, బీడీలకూ, అగ్గిపెట్టెలకూ పేరుపడిన పట్టణం. అక్కడికి తూర్పున సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో వేలూరు, మన పెద్దలు రాయవేలూరు అని పిలుచుకున్న ఊరు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాడు జిల్లాలోనివే. అందుచేత ఇక్కడి తెలుగు కుటుంబాలు ఎన్నో రాష్ట్ర సరిహద్దు కన్నా పాతవి. వీరికి వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి తరగతి వెంట తరగతిగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. తమిళనాట పుట్టిన బిడ్డకు తమిళం రావలసిందే. దాని వెంట వచ్చిన ఫలితం ఏమంటే, తెలుగు మాట్లాడుతూ చదవలేని యువతరం పెరిగింది. వీరికి తెలుగు అందేది పుస్తకం నుంచి కాదు, ఇంట్లో ఎవరో ఒకరి నోటి నుంచి. ఆ నోటికి తీరిక ఉన్నదా లేదా అన్న ప్రశ్న అందుకే ఇక్కడ భాషాశాస్త్ర ప్రశ్న కూడా అవుతున్నది.

ఇక మాటల సంగతి. బడివ్యాసం తీరిక, విరామం, ఆటవిడుపు, సెలవు అనే పదాలను పర్యాయపదాలుగా వాడుతుంది. వాటి నిర్మాణం చూస్తే అవి నాలుగు వేరువేరు స్థితులు. ‘తీరిక’ తీరు ధాతువు నుంచి వచ్చింది. పని తీరితేనే తీరిక. గడియారం ఎంత కొట్టినా పని తీరకపోతే తీరిక లేదు. ‘విరామం’ నడుమ వచ్చే ఆగుదల. వాక్యంలో విరామచిహ్నం తరవాత వాక్యం కొనసాగినట్లే విరామం తరవాత పని కొనసాగుతుంది. ‘ఆటవిడుపు’లో విడిచేవాడు ఒకడున్నాడు, పంతులు విడిస్తేనే పిల్లవాడికి ఆట. ‘సెలవు’ అంటే అనుమతి; అడిగేవాడూ ఇచ్చేవాడూ ఉంటేగాని ఆ మాటకు చోటు లేదు. కాబట్టి ఒక మనిషికి ‘ఖాళీ కాలం ఎంత’ అని అడిగే ముందు, అది తీరినదా, ఆగినదా, విడిచినదా, అడిగి తెచ్చుకున్నదా అని అడగవలసి ఉంటుంది. బడివ్యాసం ఈ ప్రశ్న ఏనాడూ వేయలేదు.

గుడియాత్తంలో ఒక నేతగాని ఇంట్లో సెలవు అన్న పదం గురించి అడిగినప్పుడు మాకు అనుకోని పాఠం దొరికింది. తెలుగులో సెలవంటే పనికి రాకపోవడానికి అనుమతి. తమిళంలో అదే మాటకు ఖర్చు అని అర్థం. తమిళులు మన సెలవును ‘విడుముఱై’ అనో, వాడుకలో ‘లీవు’ అనో అంటారు. పాత తెలుగులోనూ సెలవుకు వ్యయమనే అర్థం ఉన్నట్లు నిఘంటువులు చెబుతాయి. మగ్గానికి సెలవు ఎప్పుడని మేము తెలుగు అర్థంలో అడిగాము. ఆ ఇంటి పెద్దామె రెండు భాషలనూ కలిపి నవ్వుతూ, “మాకు సెలవంటే సెలవే నాయనా” అన్నది. మగ్గం దిగిన ప్రతి రోజూ కూలి రాని రోజు, అంటే ఖర్చు రోజు. నెలజీతగాడికి సెలవు రోజున కూడా జీతం నడుస్తుంది కనుక అతని భాషలో ఈ రెండు అర్థాలూ విడిపోయాయి. గజాల లెక్కన, వేల లెక్కన కూలి తీసుకునేవారి బతుకులో అవి ఇంకా ఒకటిగానే ఉన్నాయి.

అయితే ఆ ఇళ్ళలో ఊరట అనేదే లేదా అంటే, ఉన్నది. అది పనికి బయట లేదు, పని లోపలే ఉన్నది. అమావాస్యనాడు మగ్గం ఎక్కకపోవడమూ, తమిళుల వైకాసి నెల తొలినాడు గంగమ్మ శిరసు ఊరేగే జాతరకు ఊరంతా కదలడమూ పెద్ద సెలవులు. కాని వాళ్ళు మాకు ఎక్కువగా చెప్పినవి చిన్న సందులను గురించి: పడుగు ముగిసి కొత్త పడుగు అతికే లోపు, ఆసు పోసేటప్పుడు నలుగురు కలిసినప్పుడు, కండెలు చుట్టే ముసలమ్మ పక్కన మనవరాలు చేరినప్పుడు. జానపద పరిశోధకులు శ్రామిక గేయాలని ఒక వర్గాన్ని వేరుచేసి చూపారు. ఆ వర్గం ఉండడమే పనీ వినోదమూ ఒకప్పుడు ఒకే చోట కూర్చున్నాయనడానికి సాక్ష్యం.

ఇక్కడ మాకు తట్టిన ఒక వర్గీకరణను పాఠకుల ముందు ఉంచుతున్నాము. పనులను కాలంతో కాక, అవి మనిషిలో దేన్ని ఖాళీగా వదులుతాయన్న దానితో కొలిచి చూడాలి. బీడీ చుట్టే స్త్రీకి ఒడిలో చేట, చేతిలో ఆకు, దారం. చేతులూ చూపూ పనికి కట్టుబడ్డాయి, నోరూ చెవీ ఖాళీ. చేతి మగ్గానికి చప్పుడున్నా దాని మధ్య మాట వినబడుతుంది. మరమగ్గాల కొట్టంలో చేతులకు కొంత ఊరట, చెవికి ఊరట లేదు, పక్కవాడితో సైగలే. వేలూరులో కంప్యూటరు ముందు, ఫోను ముందు కూర్చున్న యువకుడికి చేతుల శ్రమ తక్కువ, నోరూ చెవీ మనసూ మొత్తం సంస్థకు చెందుతాయి, అదీ మరో భాషలో. మొదటి రెండు పనుల్లో తెలుగు కథ, సామెత, చుట్టరికాల వరస, తిట్టు, దీవెన అన్నీ పని నడుస్తుండగానే తరవాతి తరానికి చేరాయి. చివరి రెండిటిలో అవి పని తీరాక చెప్పుకోవలసినవి అయ్యాయి. ఇంటికి వచ్చాక చెప్పే ఓపిక మిగలదు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం రెండో సంపుటం, 1971 నాటి చేనేత పదాలది, మాకు ఈ పనిలో మార్గదర్శి. నాడె, పన్నె, పడుగు, పేక, ఆసు, కండె వంటి మాటలను గుడియాత్తంలో విన్నప్పుడు ఆంధ్ర జిల్లాల మగ్గాలతో వారి బంధుత్వం తెలుస్తుంది. కాని వృత్తి పదకోశం ఉద్దేశం పనినీ పనిముట్టునూ నమోదు చేయడం. మగ్గం ఆగినప్పుడు మగ్గం పక్కన పుట్టిన మాటలను సేకరించే కోశం మరొకటి కావాలి. మరమగ్గం వచ్చాక కండెకు మరో పేరు వస్తుంది, నష్టం అంతంతే. కండె చుడుతూ అవ్వ చెప్పిన మాటకు మరో పేరు రాదు.

వేలూరులో సమస్య రూపం వేరు. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో ప్రారంభించిన వైద్యశాల నేటి క్రైస్తవ వైద్య కళాశాలగా ఎదిగింది. ఆ వైద్యం కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చే రోగుల వెంట బంధువులు వస్తారు. బసల్లో, అంగళ్ళ ముందు, చెట్ల కింద వారు రోజుల తరబడి ఎదురుచూస్తూ ఉంటారు. వారికి చేయవలసిన పని లేదు. కాలం మాత్రం కావలసినంత ఉన్నది. దాన్ని వారెవరూ తీరిక అనరు. ‘ఖాళీగా ఉన్నాం’ అంటారు. పరీక్ష ఫలితం ఏమవుతుందో, ఊళ్ళో పైరు ఏమవుతున్నదో అన్న దిగులుతో నిండిన ఖాళీ అది. కాలం మిగిలినంత మాత్రాన తీరిక కాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. తీరికకు కాలం ఒక్కటే చాలదు, నిశ్చింత కూడా కావాలి. సమతుల్యాన్ని గంటల్లో పంచి చూపే వ్యాసకర్తలు ఈ రెండో భాగాన్ని వదిలేస్తున్నారు.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి పాతకాలపు ఇంటిపని స్వర్గమని మేము అంటున్నట్లు ఎవరైనా భావిస్తే అది పొరపాటు. అదే చేట ముందు చదువు మానిన ఆడపిల్లలు కూర్చున్నారు. అగ్గిపుల్లలు పేర్చిన చేతుల్లో పసిచేతులూ ఉన్నాయి. 1986 నాటి బాలకార్మిక చట్టం బీడీ, అగ్గిపెట్టెల తయారీని పిల్లలకు నిషేధించిన పనుల జాబితాలో చేర్చి, కుటుంబమే నడిపే పనిచోట్లను మినహాయించింది. 2016 సవరణ పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనుల నుంచి తప్పిస్తూనే, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో బడి వేళల తరవాత, సెలవుల్లో తోడ్పడవచ్చునన్నది. విమర్శకుడు ఈ వాక్యాన్ని సాహిత్య వాక్యం చదివినంత శ్రద్ధగా చదవాలి. బిడ్డ ఆటవిడుపును చట్టమే పనివేళగా గుర్తించిన సందర్భం ఇది. పని లోపల ఊరట ఉండడం ఒకటి, ఊరట లోపలికి పని రావడం మరొకటి. మొదటిదాన్ని మెచ్చుకుంటూ రెండోదాన్ని మరిచిపోకూడదు.

ఆడవారి విషయంలో భాషే మనకు సాక్ష్యం చెబుతుంది. మగవాడు ‘తీరిక దొరికింది’ అంటాడు. ఇల్లాలు ‘తీరిక చేసుకొని వస్తాను’ అంటుంది. మా సేకరణలో ఈ తేడా పదేపదే ఎదురయింది. దొరికే తీరిక వెనక మరొకరి పని ఉన్నది. చేసుకునే తీరికలో ఆ పని తనదే: ముందే వండిపెట్టడం, నీళ్ళు పట్టిపెట్టడం, రేపటి ఆకు తడిపి ఉంచడం. ఆసులో కండెలా తిరిగిన మనిషి చివరకు కూర్చున్న పది నిమిషాలను సద్వినియోగం చేసుకోమని చెప్పే వ్యాసం ఆమెను ఎరగదు.

పనిగంటల చర్చ ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1923 మే 1న మద్రాసులో సింగారవేలు చెట్టియార్ మన దేశంలో తొలి మేడే జరిపారు. 1948 నాటి కర్మాగారాల చట్టం వయోజనులకు రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు హద్దుగా పెట్టింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతి దాని స్థానాన్ని తీసుకున్నది. 2023 ఏప్రిల్ 21న తమిళనాడు శాసనసభ రోజుకు 12 గంటల దాకా పనికి వీలిచ్చే సవరణను ఆమోదించింది. కార్మిక సంఘాలు ఎదిరించగా, సరిగ్గా తొలి మేడేకు నూరేళ్ళు నిండిన 2023 మే 1న ముఖ్యమంత్రి స్టాలిన్ దాన్ని ఉపసంహరించుకున్నట్లు ప్రకటించారు. అదే ఏడాది అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకులలో ఒకరైన నారాయణమూర్తి యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలని చెప్పగా దేశమంతటా వాదం రేగింది. ఈ వాదాలు అవసరమైనవే. కాని ఇంట్లో కూర్చుని వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునేవారిని ఈ గంటల లెక్క తాకనే లేదు. వారి రోజుకు ఎనిమిది లేదు, పన్నెండు లేదు, వెయ్యి ఉన్నది.

తెలుగులో ‘బతుకుతెరువు’ అని ఒక చక్కని సమాసం ఉన్నది. తెరువంటే దారి. పనిని మన భాష బతుకుకు ఎదురుగా త్రాసులో పెట్టలేదు, బతుకుకు చేర్చే దారి అన్నది. దారికీ ఊరికీ మధ్య సమతుల్యం ఏమిటి? దారి ఊరికి చేరుస్తున్నదా లేదా అన్నదే ప్రశ్న. రోజంతా దారిలోనే గడిచి ఊరు చేరనివారు నేడు మగ్గాల ఇళ్ళలోనూ ఉన్నారు, గాజు భవనాల్లోనూ ఉన్నారు.

చివరగా ఒక సూచన. తెలుగు శాఖల్లో, బడుల్లో ఆ పాత వ్యాసాంశాన్ని తీసివేయనక్కర లేదు. ప్రశ్నను మార్చితే చాలు. మీ ఇంట్లో ఎవరికి తీరిక ఉన్నది, అది ఎవరి పని వల్ల వచ్చింది, ఆ తీరికలో ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారు అని రాయించాలి. గుడియాత్తంలో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయిని మేము ఇలాగే అడిగాము. తెలుగు లిపి రాని ఆ పిల్ల తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు రాసి ఇచ్చింది. అందులో తీరిక అన్న మాట లేదు. ‘అవ్వ కండె చుట్టేటప్పుడు’ అని ఉన్నది. మా పదసేకరణలో తీరిక అన్న ఆరోపం కింద దాన్నే మొదటి అర్థంగా నమోదు చేసుకున్నాము.