ఖోతాన్ ఇసుక అద్దిన పుస్తకాలు

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఎవరికీ చదవడం రాని పుస్తకాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఉన్న గీతలకు భాష లేదు, అర్థం లేదు. తక్లమకాన్ ఎడారి అంచున ఖోతాన్‌లో ఇస్లాం అఖూన్ అనే అతను 1890ల్లో తన తోటివాళ్లతో కలిసి చేసిన దొంగ ప్రతులవి. మోసం మోసమే. కానీ అతని చేతిపనిని దగ్గర పెట్టుకుని చూస్తే ‘ఏం పనివాడు!’ అనకుండా ఉండలేం.

ఆ దశాబ్దం మొదట్లోనే, 1890లో, అదే ఎడారి అంచునున్న కుచా దగ్గర బవర్ అనే సైనికాధికారి కొన్న భూర్జపత్ర ప్రతిని కలకత్తాలో రుడాల్ఫ్ హ్యోర్న్‌లే అనే పండితుడు చదివి బయటపెట్టారు. దాంతో ఎడారి పుస్తకాలకు గిరాకీ పెరిగింది. అక్కడి కష్గర్ పట్టణంలో బ్రిటిష్‌వాళ్లు, రష్యన్లు పోటీపడి కొనడం మొదలుపెట్టారు. ఇస్లాం అఖూన్ సరుకు బ్రిటిష్‌వాళ్లకు, అతని సహచరుడు ఇబ్రహీం ముల్లా సరుకు రష్యన్లకు చేరేది.

కాగితం కొత్తదే, ఊళ్లో దొరికేదే. తొగ్రాక్ చెట్టు నుంచి వచ్చే తొగ్రుఘ అనే పదార్థాన్ని నీళ్లలో కరిగిస్తే పసుపు, లేత గోధుమ రంగులు దిగుతాయి. కాగితానికి ముందు ఆ రంగు పట్టించేవాళ్లు. రాత పూర్తయ్యాక పొయ్యి మీద వేలాడదీసేవాళ్లు. పొగ పట్టేకొద్దీ రంగు ముదిరి, కాగితానికి వయసు మీద పడేది. కొన్నిటికి అంచులు కమిలేవి కూడా. ఆ తర్వాత పుస్తకంగా కట్టేవాళ్లు.

నన్ను కట్టిపడేసేది మాత్రం చివరి పని. ఎడారిలోని సన్నటి ఇసుకను పేజీల మధ్య ధారాళంగా దట్టించేవాళ్లు. 1898లో కశ్మీర్‌లో ఒకరి దగ్గరున్న అలాంటి పుస్తకాన్ని చూడటానికి పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టైన్ ముందు బట్టల బ్రష్‌తో దులుపుకోవలసి వచ్చింది. కొనేవాడు పుస్తకం తెరవగానే ఒళ్లో ఇసుక రాలుతుంది. ఏ శిథిలంలో దొరికిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

మొదట్లో, 1895 ప్రాంతంలో, చేతితోనే రాసేవాళ్లు. అసలు ప్రతుల ముక్కల్లోని బ్రాహ్మీ అక్షరాల వంపులను ఓపిగ్గా అనుకరించేవాళ్లు. కొనేవాళ్లకు ఆ అక్షరాలు చదవడం రాదని తెలిశాక అంత శ్రమ దేనికనిపించింది. ఎవరికి తోచిన లిపి వాళ్లు కల్పించుకున్నారు. అదీ ఆలస్యమైపోతుంటే 1896 ప్రాంతంలో చెక్క అచ్చులు చెక్కించారు. ఎడారి నుంచి వచ్చిన ప్రతులపై హ్యోర్న్‌లే రాసిన 1899 నివేదికలో ఇలాంటి అచ్చు పుస్తకాలే 45 వివరంగా కనిపిస్తాయి. దొంగవేమోనన్న అనుమానం ఆయనకూ వచ్చింది, కానీ నిజమైనవే అయ్యుంటాయని తేల్చుకున్నారు. సంస్కృత ప్రతులను అంత నిశితంగా చదివిన మనిషిని ఒప్పించగలిగిన పనితనమది.

లోపం కూడా ఆ చేతుల్లోంచే వచ్చింది. ఎడారిలో దొరికిన అసలైన పోతీలు మన తాళపత్రాల లాంటివే: పొడవాటి విడి ఆకులు, తాడు దూర్చడానికి చిల్లు. అఖూన్ బృందం యూరప్ పుస్తకాల తీరు చూసి ఒక పక్కన కట్టింది. పైగా రాగి మేకులతో, మెలితిప్పిన కాగితపు పురితో బిగించింది. పొగలోనూ ఇసుకలోనూ చూపించిన శ్రద్ధ ఈ కట్టులో లేదు.

స్టైన్ 1900-01 శీతకాలంలో దందాన్ ఉయిలిక్, నియా వంటి ఎడారి శిథిలాల్లో స్వయంగా తవ్వారు. చేతికొచ్చిన వాటిలో ఆ ‘తెలియని లిపి’ ఒక్క ముక్కయినా లేదు. 1901 ఏప్రిల్‌లో ఖోతాన్‌కు ఇస్లాం అఖూన్‌ను రప్పించి ప్రశ్నించారు. ఎవరో ఇస్తే అమ్మానని మొదట బుకాయించాడు. ఏ శిథిలంలో ఏది ఎలా తవ్వి తీశాడో అతను గతంలో చెప్పిన కథలన్నీ హ్యోర్న్‌లే నివేదికలో అచ్చయి ఉన్నాయి. స్టైన్ వాటిని ఎదుట పెట్టారు. శిక్ష ఉండదన్న హామీ దొరికాక రంగు, పొగ, ఇసుక అంతా వరసగా చెప్పుకొచ్చాడు.

అదే నివేదికలో తన పేజీల ఫోటో ముద్రణలు కూడా చూశాడు. గీత గీతా తను చేసింది చేసినట్టే ఉంది. పట్టుబడి నిలబడ్డవాడు వాటిని కళ్లార్పకుండా చూసి, ఇంత చక్కగా నకలు తీయడం ఎలాగో తనకూ తెలుసుకోవాలని ఉందని ఆత్రంగా అడిగాడు.