సామూహిక భావపటములు: ఆర్‌సీమ్యాప్ సాఫ్ట్‌వేర్‌పై ఒక పరిశీలన

భావపటము అను పేరు వినగానే ఉపాధ్యాయులకు నల్లబల్లపై గీయు పెట్టెలు, వాటిని కలుపు బాణములు స్ఫురించును. అది అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున జోసెఫ్ నోవాక్ 1970 దశకములో రూపొందించిన పద్ధతి. ఒక విద్యార్థి మనస్సులో భావములు ఎట్లు ముడిపడియున్నవో అది చూపును. అదే విశ్వవిద్యాలయమునుండి, అదే పేరుతో, వేరొక పద్ధతి కూడ వెలువడినది. విలియం ట్రోకిమ్ 1989లో వివరించిన ఈ రెండవ దానిలో బాణములు లేవు. పలువురి ఆలోచనలను అంకెలుగా మార్చి, ఆ అంకెలనుండి పటము గీయుట దీని పని. ఇచట విచారింపబడునది ఈ సామూహిక భావపటము. దానికై హైమ్ బార్, లూసియా మెంచ్ అనువారు 2017లో ప్రకటించిన ఆర్‌సీమ్యాప్ అను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్.

పద్ధతి సులభముగనే బోధపడును. ఒక ఉన్నత పాఠశాలలో, ప్రయోగశాల బాగుపడుటకు ఏమి చేయవలెనని విద్యార్థులను అడిగినారనుకొనుడు. వచ్చిన సమాధానములను ఒక్కొక్క అట్టముక్కపై ఒక్కొక్కటిగా వ్రాయుదురు. పిమ్మట ప్రతి విద్యార్థియు, ప్రక్కవానిని చూడక, తనకు ఒక జాతివని తోచిన ముక్కలను ఒక కుప్పగా పెట్టును. "గాజు సామాను ఇంకను కొనవలెను", "రసాయనములు వేళకు తెప్పించవలెను" అను రెండింటిని పదిమందిలో ఏడుగురు ఒకే కుప్పలో పెట్టినచో ఆ జంటకు 7 అను అంక పడును. ఎవరును కలుపని జంటకు సున్న. ముక్కలు 60 ఉన్నచో జంటలు 1770. కంప్యూటరునకు అందు ముడిసరకు ముఖ్యముగా ఈ పట్టికయే. పెద్ద అంక పడిన జంటను దగ్గరగను, చిన్న అంక పడిన జంటను దూరముగను ఉంచుచు అది కాగితముపై చుక్కలు పెట్టును.

చిక్కు ఇక్కడనే మొదలగును. మూడు ముక్కలు పరస్పరము సమదూరములో ఉండవలెనన్న సమబాహు త్రిభుజము చాలును. నాలుగు ముక్కలు అట్లుండవలెనన్న కాగితము చాలదు. నాలుగు ముఖముల ఘనరూపము కావలెను. అరువది ముక్కల మాట చెప్పనేల! వాటిని రెండు పరిమాణములలోనికి అణచినపుడు కొన్ని దూరములు తప్పక చెడును. ఈ చెడిన పాలును కొలుచు అంకకు స్ట్రెస్ అని పేరు. బెల్ ప్రయోగశాలకు చెందిన జోసెఫ్ క్రుస్కల్ 1964లో దీనిని ప్రతిపాదించుచు, 0.05 మంచిదనియు, 0.20 హీనమనియు ఒక కొలబద్ద ఇచ్చెను. ట్రోకిమ్ 1993లో 38 భావపటములను పరిశీలింపగా సగటు స్ట్రెస్ 0.285గా తేలినది. అనగా క్రుస్కల్ హీనమన్న దానికంటెను ఇది అధికము. చుక్కలు ఎక్కువైనకొలది, మనుష్యులు చేతితో విభజించిన సమాచారమైనపుడు, ఈ అంక పెరుగుట సహజమని ఈ పద్ధతివారి సమాధానము. ఆ సమాధానములో న్యాయము కలదు. అయినను పటమును గోడకు తగిలించువారు ఈ అంకను కూడ దాని క్రింద వ్రాయుట మంచిది. వ్రాయువారు అరుదు.

అంతకంటె పెద్ద ప్రమాదము పటమును చదువుటలో ఉన్నది. నడుమ ఉన్న చుక్కను చూడగానే ఇదియే ముఖ్యమైన భావమని చాలమంది అనుకొందురు. "పై తరగతివారు క్రింది తరగతివారికి ప్రయోగము చూపవలెను" అను ముక్కను సగముమంది బోధన సంబంధమైన కుప్పలోను, తక్కిన సగము క్రమశిక్షణ కుప్పలోను పెట్టినారనుకొనుడు. పటములో అది రెంటికి నడుమ నిలుచును. ఏ విద్యార్థియు దానిని అక్కడ పెట్టలేదు! అది ఏకాభిప్రాయమునకు గుర్తు కాదు, అభిప్రాయభేదమునకు గుర్తు. ఇట్టి ముక్కలను గుర్తించుటకు ట్రోకిమ్ పద్ధతిలోనే ఒక సూచిక కలదు గాని, రంగుల పటము చేతికి రాగానే దానిని తిరిగి చూచువారేరి?

చుక్కలను గుంపులుగా విడదీయుటకు వాడునది వార్డ్ 1963లో చెప్పిన పద్ధతి. మొదట ప్రతి చుక్కయు ఒక గుంపే; రెండేసి గుంపులను కలుపుచు పోగా తుదకు అన్నియు ఒకటగును. ఎక్కడ ఆగవలెనో గణితము ఒక్కటే తేల్చలేదు. ఐదు గుంపులా, తొమ్మిదా అన్నది మనుష్యుల నిర్ణయము. పాఠశాల పెద్దలు తమకు ఇష్టమైన చోట ఆగి, తమకు ఇష్టమైన పేర్లు పెట్టి, "ఇది విద్యార్థుల మాట, కంప్యూటరు చెప్పినది" అనుటకు ఇందులో చోటున్నది. పైగా ట్రోకిమ్ పద్ధతిలో గుంపులను కట్టునది మొదటి పట్టికనుండి కాదు, అణచిన కాగితముమీది స్థానములనుండి. అణచుటలో వచ్చిన తప్పు గుంపులలోనికిని ప్రాకును.

ఆర్‌సీమ్యాప్ విలువ ఈ చోటనే తెలియును. వెలపెట్టి కొను సాఫ్ట్‌వేరులకు బదులు డబ్బు లేకుండ దొరకుట దాని చిన్న గుణము. అది ఆర్ భాషలో వ్రాయబడినది. న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆరంభించిన ఆ భాష మూలలిపి 1995నుండి అందరికిని తెరచియున్నది. ఏ మెట్టున ఏమి జరుగుచున్నదో చదువవచ్చును; సరిపడనిచో మార్చవచ్చును. పట్టికనుండియే నేరుగా గుంపులు కట్టి, రెండు ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటకు ఆర్‌లో సిద్ధముగా ఆదేశములున్నవి.

కొత్తవానికి మాత్రము ఇది అంత చేరువ కాదు. ముందు ఆర్‌ను కంప్యూటరులో నెలకొల్పవలెను. వాక్యములు, కుప్పల వివరములు, మార్కులు, పాల్గొన్నవారి సమాచారము వేరువేరు పట్టికలుగా సమకూర్చవలెను. ఒక ముక్క సంఖ్య తప్పు పడినచో పటమే మారును. పాత ప్యాకేజీ కొత్త ఆర్‌తో పొసగక మొరాయించుటయు కలదు. కాన ఆరంభము కంప్యూటరుతో కాక అట్టముక్కలతో జరుగుట మేలు. పన్నెండు ముక్కలు, పదిమంది విద్యార్థులు చాలుదురు. 66 జంటల పట్టికను తరగతిలోనే, ఒక పీరియడులో, చేతితో నింపవచ్చును. ఆ పట్టికనే పిమ్మట కంప్యూటరునకిచ్చి పటము తీయించవలెను. చేతిపట్టికలో పెద్ద అంక పడిన ఏ జంటయైన పటములో దూరముగా కనిపించినచో, ఆ జంటను నల్లబల్లపై వ్రాసి, దానిని కలిపినవారిని ఎందుకు కలిపినారో అడుగవలెను.