డిస్కు కనబడనప్పుడు

ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించడం మధ్యలో ఆగిపోయిన ల్యాప్‌టాప్‌ను బాగుచేయడం సిరిసిల్ల జిల్లాలోని రుద్రంగి వంటి మండల కేంద్రాల్లో తగిన గుర్తింపు దక్కని పనితనం. గల్ఫ్‌కు వెళ్లినవారి ఫొటోలు, పాస్‌పోర్టు నకళ్లు అందులో ఉండవచ్చు గనుక పని తెలిసినవాడు ముందు వాటి సంగతి అడుగుతాడు. అడగకుండా ఫార్మాట్ కొట్టేవాణ్ణి మెకానిక్ అనడమే తప్పు. ఇన్‌స్టాలేషన్ తెరపై డ్రైవుల జాబితా ఖాళీగా ఉంటే, పని తెలిసినవాడు డిస్కు పోయిందని తేల్చేయక, యంత్రం మేల్కొనగానే తన భాగాలను సరిచూసుకునే మూల ప్రోగ్రామైన బయోస్‌ను తెరుస్తాడు. అక్కడ డిస్కు పేరు కనబడితే, దానితో మాట్లాడించే చిన్న ప్రోగ్రామైన డ్రైవర్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌లో లేదేమోనని అనుమానిస్తాడు. 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఈ తంటా తరచుగా ఎదురవుతుంది. సరైన డ్రైవర్‌ను చూపగానే ఖాళీ జాబితాలో డిస్కు వరుస ప్రత్యక్షమవుతుంది.