మెట్టసీమ డైవర్ చేతికి ఏ కంప్యూటర్?

అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది. ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. చెరువు మరవ పారిందంటే ఊరంతా వెళ్లి చూసొచ్చే సీమ ఇది. వీపుకు ఎండు సొరకాయ కట్టుకుని బావుల్లో ఈత నేర్చిన తరం పోయింది, ఆ బావులూ ఎండిపోయాయి. అయినా మా పిల్లలు బెంగళూరు కొలువుల్లో కుదిరి, సెలవు దొరికితే మురుడేశ్వరం దగ్గరి నేత్రాణి దీవికో, విశాఖ రుషికొండకో పోయి స్కూబా నేర్చుకుని వస్తున్నారు. వాళ్ల మొదటి ప్రశ్న, "ఏ డైవ్ కంప్యూటర్ కొనాలన్నా?"

ముందు అది చేసే పనేమిటో తెలియాలి. నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి మనం పీల్చే గాలిలోని నత్రజని ఒంట్లో కరుగుతుంది. గబుక్కున పైకొస్తే బుడగలు కడుతుంది. బ్రిటన్‌లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త మేకల మీద పరీక్షలు చేసి, 1908లో దీనికి పట్టికలు ప్రకటించాడు. తర్వాత జ్యూరిచ్‌లో బూల్మన్ ఒంటిని 16 రకాల కణజాలాలుగా ఊహించి లెక్క కట్టాడు. మన నేలలు చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఎర్రనేల వాన నీటిని త్వరగా ఇంకించుకుని త్వరగా వదిలేస్తుంది, నల్లరేగడి నిదానంగా తాగి రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. ఒంట్లో రెండూ ఉన్నాయి. చేతికున్న యంత్రం వాటన్నిటి లెక్కా కొన్ని సెకన్లకోసారి తిరగేస్తూ ఉంటుంది.

18 మీటర్ల లోతున తెర మీద చూడవలసిన అంకెలు రెండే: లోతు ఒకటి, డీకంప్రెషన్ ఆగుళ్లు లేకుండా ఇంకెన్ని నిమిషాలు ఉండవచ్చో చెప్పేది ఇంకొకటి. మొదటి డైవ్‌లో అది 50కి అటూ ఇటూ మొదలై తగ్గుతూ వస్తుంది. నాలుగు మీటర్లు పైకి జరగండి, ఆ అంకె పెరుగుతుంది. పాత పట్టికకు ఈ సంగతి పట్టదు, డైవంతా అడుగునే గడిపినట్టు లెక్కేస్తుంది. కంప్యూటర్‌తో వచ్చే అసలు లాభం ఇదే. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లు మించితే హెచ్చరిస్తుంది, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆపుతుంది.

అందుకే నా ఓటు పెద్ద అంకెలున్న సాదా యంత్రానికి. బంగాళాఖాతం నీళ్లు చాలా రోజులు మసగ్గా ఉంటాయి, రంగుల మెనూలు వెతుక్కునే చోటు కాదది. సిలిండర్‌లో గాలి ఎంతుందో తెరమీదే చూపే సదుపాయానికి ధర బాగా పెరుగుతుంది. మొదటి యంత్రానికి అది అక్కర్లేదు, ప్రెషర్ గేజ్ ఎలాగూ ఉంటుంది. నైట్రాక్స్, అంటే ఆక్సిజన్ పాలు పెంచిన గాలి, దాని లెక్క మాత్రం ఉండాలి. ఈ రోజుల్లో చవకవాటిలోనూ అది ఉంటుంది.

బ్యాటరీ దగ్గర మన సంగతి వేరు. గోవా వాడి యంత్రం వారం వారం నీళ్లు చూస్తుంది. మనది ఏడాదిలో ఎక్కువ నెలలు బీరువాలో పడి ఉంటుంది. ఛార్జింగ్ రకం కన్నా, క్రెస్సీ లియోనార్డోలాగా నాణెంతో మూత తిప్పి బిళ్ల మార్చుకునే రకమే మనకు నయం. దానికి 2430 బిళ్ల కావాలి, సుంటో జూప్ నోవోకైతే 2450. వాచీ కొట్లలో 2032 దొరికినంత సులువుగా ఇవి దొరకవు కాబట్టి ముందే తెప్పించుకోండి. మూత బిగించేముందు రబ్బరు ఓ-రింగ్‌ను వెలుతురులో తిప్పి చూడండి. ఒక్క వెంట్రుక అడ్డుపడినా ఉప్పునీరు లోపలికి పోతుంది.

ఎత్తు సంగతీ మరవొద్దు. సుంటో యంత్రాల్లో 300 మీటర్లు దాటితే ఏ1 అని మార్చుకోవాలి. అంటే మన ఊరి క్వారీ గుంటలో సాధన చేసినా ఆ సెట్టింగే, సముద్రానికి పోతే మళ్లీ ఏ0.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది తిరుగుదారి. డైవింగ్ భద్రతా సంస్థ డాన్ సలహా ప్రకారం, ఒకే రోజు ఒకటికి మించి డైవ్‌లు చేస్తే విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి. క్యాబిన్ పీడనం 610 మీటర్ల ఎత్తు దాటిన లెక్కకు చెప్పిన మాట అది. హొన్నావర దగ్గర ఘాట్ ఎక్కి, శివమొగ్గ మీదుగా వచ్చే మన దారిలో చిత్రదుర్గమే దాదాపు 730 మీటర్ల ఎత్తు. కారెక్కాం గదా, విమానం కాదు గదా అనుకుంటాం. ఒంట్లో మిగిలిన నత్రజనికి ఆ తేడా తెలియదు. ఇంకా విమానం ఎక్కొద్దని యంత్రం తెర మీద చిన్న విమానం బొమ్మ వెలుగుతుంటే అది మన ఘాట్ రోడ్డుకూ వర్తిస్తుంది.

నేత్రాణిలో మధ్యాహ్నం ఒంటిగంటకు రెండో డైవ్ ముగిస్తే, 18 గంటలంటే మర్నాడు పొద్దున 7. సోమవారం ఆఫీసు ఉందని ఆ సాయంత్రమే బండి తీయకండి తమ్ముళ్లూ. ఆ రాత్రి మురుడేశ్వరంలోనే పడుకుని, ఆ బొమ్మ ఆరిపోయాకే ఘాట్ ఎక్కండి.