సాక్ష్యము చెప్పు విధము

ఈ పత్రికలో నాటకములను గూర్చి, భజన మేళములను గూర్చి, ఉగాది సభలలో చదివిన పద్యములను గూర్చి విమర్శలు వచ్చుచున్నవి. మంచిదే. కాని నాటాల్ ఆంధ్రులలో వారము వారము, నిండు సభలలో, చేతిలో కాగితము లేకుండ చెప్పబడు ఒక ప్రక్రియను గూర్చి ఎవరైనను విమర్శ వ్రాయగా నేను చూడలేదు. అది మన క్రైస్తవ సోదర సోదరీమణులు ‘సాక్ష్యము’ అని పిలుచునది. దేవుడు నాకేమి చేసెను అని ఒక మనిషి నిలువబడి నలుగురి యెదుట చెప్పుట. మన వారిలో పద్యము వ్రాయగలవారు వ్రేళ్ళ మీద లెక్కింపదగినవారే. సాక్ష్యము చెప్పినవారు మాత్రము ప్రతి వీధిలోను ఉన్నారు. అంత విరివిగా సాగు నోటి సాహిత్యమును మనము లెక్కలోనికి తీసికొనకపోవుట వింత.

నేను క్రైస్తవుడను కాను. మా యింట దీపము పెట్టుదుము. అయితే మా మేనత్త సంతానమంతయు చర్చికి పోవువారే. వారి పెండ్లిండ్లకును చావులకును పోయి కూర్చుండి నేను విన్న సాక్ష్యములు తక్కువ కావు. విశ్వాసమునకు మార్కులు వేయుట నా పని కాదు. చెప్పిన తీరు బాగున్నదా, చెప్పినది నిలుచునా అన్నంతవరకే నా మాట. ముప్పది యేండ్లుగా పిల్లల వ్యాసములు దిద్దిన చేయి గనుక ఆ మాత్రము ధైర్యము.

శనివారపు తెలుగు బడిలో అక్షరములు దిద్దుకొన్నవారికి మాటను విడదీసి చూచు అలవాటు పోదు. సాక్షి అనగా కన్నులతో కూడినవాడు, అనగా చూచినవాడు. కోర్టులో సాక్షి తాను చూచినది చెప్పి దిగిపోవును. తీర్పు చెప్పుట వేరొకరి పని. ఈ చిన్న భేదమును మరచిపోయినందుననే మన సాక్ష్యములలో పెక్కు చెడిపోవుచున్నవని నా అభిప్రాయము.

ఒక ఉదాహరణ చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట చాట్స్‌వర్త్‌లో ఒక గుడారపు సభలో మా దూరపు బంధువుల అబ్బాయి ఒకడు ఇంగ్లీషులో సాక్ష్యము చెప్పెను. మంచి కంఠము, తడబాటు లేదు. తాను పుట్టినది చీకటి యింట అని, ఆ యింట తన అవ్వ వెలిగించిన దీపము సైతాను దీపమని, అమ్మవారికి గంజి కాచి పోయు దినములలో ఆ యింటికి దయ్యములు వచ్చెడివని, ఇప్పుడు తాను వెలుగులో ఉన్నానని చెప్పెను. చప్పట్లు మ్రోగినవి. నలుబది నిమిషములు విన్న తరువాత అతని జీవితములో జరిగిన సంఘటన ఒక్కటియు నాకు తెలియలేదు. ఏ దినమున, ఏ గదిలో, ఎవరు ఏమి చెప్పగా మనస్సు తిరిగినదో లేదు. చీకటి, వెలుగు అను రెండు మాటలు మాత్రము ఉన్నవి. ఆ రెండు మాటలును అతనివి కావు. ఆ రాత్రి అతనికి ముందు చెప్పిన ఇద్దరును అవే వాడిరి.

ఆ అవ్వను నేనెరుగుదును. తల్లి బట్టల ఫ్యాక్టరీకి పోయిన కాలములో ఈ అబ్బాయిని పెంచినది ఆమెయే. ఆమె పోయిన దినమున కర్మ జరుగుచున్నదని అతడు గుమ్మము దాటక వీధిలో కారులోనే కూర్చుండెను. సాక్ష్యము ఒక మూసలో పోసినప్పుడు ఆ మూస నోటితో ఆగదు, కాళ్ళకు కూడ తగులుకొనును.

ఈ మూస వారి గ్రంథమునుండి వచ్చినదా అని చూచితిని. కాదు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో చూపు వచ్చిన గ్రుడ్డివానిని పెద్దలు నిలదీయుదురు. స్వస్థపరచినవాడు పాపియా కాదా తేల్చుమందురు. అతడు ఆ సంగతి తనకు తెలియదని ఒప్పుకొని, తెలిసిన ఒక్క సంగతిని మాత్రము పట్టుకొనును. అదే సువార్త నాలుగవ అధ్యాయములో సమరయ స్త్రీ నీళ్ళ కుండను విడిచి ఊరిలోనికి పోయి చెప్పిన సాక్ష్యము రెండు వాక్యములకు మించదు; అందులో ఒకటి ప్రశ్న. ఊరివారు వచ్చి, స్వయముగా విని, ఇక నీ మాటను బట్టి కాదు అందురు. అనగా ఆమె మాట తన పని ముగించుకొని ప్రక్కకు తప్పుకొన్నది. ఇంత పొందికైన సాక్ష్యము నాకు మరియొకటి కనబడలేదు.

అపొస్తలుల కార్యములలో పౌలు మార్పు కథ మూడు మారులు వచ్చును: 9, 22, 26 అధ్యాయములలో. మొదటిది గ్రంథకర్త చెప్పినది. తక్కిన రెండును పౌలు తన నోట చెప్పినవి; అవి ఒకదానివలె ఒకటి ఉండవు. అగ్రిప్ప రాజు ఎదుట చెప్పినది ఒక తీరు. యెరూషలేములో తనను చంపవచ్చిన గుంపుకు చెప్పునప్పుడు తాను ఏ గురువు పాదముల యొద్ద చదివెనో, పితరుల ధర్మమును ఎంత శ్రద్ధగా నేర్చెనో ముందు చెప్పును. తన భాషలో అతడు మాటలాడుట విని గుంపు మరింత నిమ్మళించినదని గ్రంథకర్త వ్రాయును. మన ప్రసంగీకులు ఈ అధ్యాయమును ఇంగ్లీషులో ఎన్ని మారులు చదివియుందురో!

ఇప్పుడు మన చరిత్రకు వచ్చెదను. తెలుగు బాప్తిస్టుల మాట మన తీరమునకు నెల్లూరు, ఒంగోలు ప్రాంతములనుండి వచ్చినది. ఒంగోలు వైపు ఆ మాటను ఊరూరికి మోసినవారిలో మొదటివాడు ఎర్రగుంట్ల పేరయ్య, మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. 1866లో బాప్తిస్మము పొందెను. అంతకు ముందు అతడు యోగ గురువుల బోధ విన్నవాడు. ఆ కాలపు మాదిగ బోధకుల జీవితములను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు 1899లో ఒక ఇంగ్లీషు గ్రంథముగా అచ్చువేసినారు. చెప్పులు కుట్టుచు చెప్పుకొన్న కథలని దాని పేరులోనే స్ఫురించును. అందులో నన్ను ఆకర్షించినది ఇది: పాత గురువుల వెనుక తిరిగిన దినములు ఆ బోధకుల కథలలో అసహ్యముగా పారవేయబడలేదు. వెదకిన దినములుగా లెక్కకు వచ్చినవి.

మన సభలవారు సాధారణముగా వేయు నింద ఒకటి గలదు: వారు బియ్యమునకు మతము మార్చుకొన్నారని. 1876–78 కరవు కాలమున జాన్ క్లౌ గారు బకింగ్‌హాము కాలువ పనిలో కొంత భాగము కంట్రాక్టు పుచ్చుకొని కరవు జనులకు కూలి చూపిరి. బోధకులు మట్టి తట్టల నడుమ, పని ఆగిన వేళ కూర్చుండి మాటలాడిరి. బియ్యము కొరకు వచ్చినారని ఎవరును అనకుండునట్లు ఆ నెలలలో ఆయన బాప్తిస్మములు నిలిపివేసిరి. పిదప 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అంతమందిని తెచ్చినది గొప్ప వక్తృత్వము కాదు, తట్టల నడుమ కూర్చుండి చెప్పిన మాటయే. తీరమునుండి ఓడలెక్కి నాటాలు చెరుకు తోటలకు వచ్చిన గిరిమిట్ జనమునకును ఆ కరవుకును సంబంధము ఉన్నదని మన పత్రిక చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు.

పాత యింటిలో చీకటియే లేదని నేను చెప్పుటలేదు. మాదిగవారికి ఊరి బావి లేదు, గుడి లేదు, ఊరి నడుమ నడచు దారి కూడ లేదు. ఆ చీకటిని పేరు పెట్టి చెప్పిన సాక్ష్యమును వినుటకు నావంటివారికి ఓపిక ఉండవలెను, సిగ్గు కూడ ఉండవలెను. ఆశ్చర్యమేమనగా నేటి మూసలో ఆ చీకటి కనబడదు. బావి వద్ద నిలువనీయని ఊరు మాయమైనది. మనుమనికి గంజి కలిపి పోసిన అవ్వ దీపము మిగిలినది. నిజముగా అన్యాయము చేసినవారు తప్పించుకొనిరి. నేటి సాక్ష్యముల మీద నాకున్న ఫిర్యాదులలో పెద్దది ఇదే.

1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్య గారు ఇచ్చటికి వచ్చిరి. ఆయనను పంపినది తెలుగు బాప్తిస్టులు తామే నడపుకొన్న సంఘము. స్టాంగర్ వద్ద కియర్స్నీ తేయాకు తోటలో ఆ సంవత్సరాంతముననే తెలుగు సంఘము ఏర్పడినది. తోటలలో ఒకే నీళ్ళ పీపా చుట్టు అన్ని కులములవారును నిలువవలసి వచ్చినది. అట్టిచోట తెలుగు బోధ చేయువాడు ప్రక్క గదిలో దీపము పెట్టుకొన్నవాడు కూడ వినుచున్నాడని ఎరిగియే మాటలాడవలెను. బరాకుల గోడలు పలుచన. ఆ పలుచని గోడయే ఒక విధముగా మంచి సంపాదకుడు.

గోడలు దళమైన తరువాత భాషయు మారినది. 1931లో జె. ఎఫ్. రౌలాండ్స్ గారు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఆరంభించిన బెతెస్దా మొదలుకొని పెంతెకొస్తు సంఘములు మన జనములో వేగముగా పెరిగినవి. 1950 గ్రూప్ ఏరియాస్ చట్టము వలన ఉమ్మడి కుటుంబములు చెదరి, చాట్స్‌వర్త్ వంటి చోట్ల తెలియని పొరుగువారి నడుమ పడినవారికి ఆ సంఘములు అన్నదమ్ముల స్థానమున నిలిచినవి. దానిని తక్కువ చేయరాదు. కాని సాక్ష్యము ఇంగ్లీషులోనికి పోయినది. 1996 రాజ్యాంగములో తెలుగు పేరు అచ్చుపడినది గాని ప్రసంగపీఠము మీద అది వినబడుట అరుదు.

భాష మారిన నష్టమేమి అని అడుగవచ్చును. నేను విన్న ఒక మంచి సాక్ష్యమే దానికి సమాధానము. మా బంధువుల యింట ఒక చావు రాత్రి, చనిపోయినామె చెల్లెలు, ఎనుబదికి దగ్గరపడిన వృద్ధురాలు, చాప మీద కూర్చుండియే చెప్పినది. తక్కిన అక్కచెల్లెండ్రందరు దీపము పెట్టువారే. ఈమె ఒక్కతె చర్చికి పోవునది. ఎవరో అడిగిరి, నీవు ఎట్లు పోతివే అని. ఆమె మాటలు నాకు జ్ఞాపకమున్నంతవరకు:

“మా ఆయన తాగేవాడు. నేను మిషను మీద కుట్టి తెచ్చిన కూలి శుక్రవారం రాత్రికి ఉండేది కాదు. చిన్నోడికి ఊపిరాడక ఆసుపత్రిలో పెట్టినారు. పక్కింటామె వచ్చింది, చర్చికి పోయే ఆమె. గిన్నెడు పప్పు తెచ్చింది. ఏమీ చెప్పలేదు, కూర్చుంది. తెల్లారి నేనే అడిగినా, మీ దేవుణ్ణి ఎట్లా పిలుస్తారమ్మా అని. పిల్లోడు బతికినాడు. ఆయన తాగుడు ఇంకో మూడేండ్లు మానలేదు. మాయమ్మ దీపం కాడ కూర్చుని ఏడ్చేది. నేను చర్చిలో కూర్చుని ఏడ్చినా. నాకు బదులొచ్చింది. అమ్మకు వచ్చిందో లేదో అమ్మనే అడగాల. దేవుని కృప.”

ఆరు నిమిషములు కూడ పట్టలేదు. పప్పు గిన్నె ఉన్నది, కూలి ఉన్నది, కూర్చుండిన మనిషి ఉన్నది. మానని త్రాగుడు మూడేండ్లు ఉన్నది. ఆ మూడేండ్లను దాచియుంటే కథ నున్నగా ఉండెడిది, నమ్ముట కష్టమయ్యెడిది. తల్లి దీపమును గూర్చి తీర్పు చెప్పవలసిన చోట ఆమె ఆగినది. చూడనిది చెప్పలేదు. గదిలో ఒక్కరును లేచిపోలేదు. పెద్దక్క కూతురు లేచి ఆమెకు టీ తెచ్చి యిచ్చినది.

‘కృప’ అనుమాట విన్నప్పుడు ఆ అక్కచెల్లెండ్రకు అర్థము అడుగవలసిన పని లేకపోయినది. వారు కూడ ఆ మాటనే వాడుదురు, అమ్మవారి కృప అని. ‘రక్షణ’, ‘ప్రభువు’ కూడ అట్టివే. ఇవి ఇరువురి సొత్తు. ఇంగ్లీషులో అదే మాట చర్చి గోడ లోపలనే నిలిచిపోవును. ‘మారుమనస్సు’ అను తెలుగు మాటను చూడుడు. మనస్సు మారవలెనని ఉన్నది గాని యింటి పేరు మారవలెనని, అవ్వ మారవలెనని అందులో లేదు. సరళమైన బోధ అనగా చిన్న మాటలు చెప్పుట అని కొందరు యువ ప్రసంగీకులు అనుకొనుచున్నారు. టెలివిజనులో విన్న పెద్ద కేకను చిన్న మాటలలో వేసిన మాత్రమున అది సరళము కాదు. వినువాని నాలుక మీద ముందే ఉన్న మాటతో మొదలుపెట్టుట సరళము.

పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) ఇది ఎరిగినవారు. బ్రాహ్మణ కుటుంబమునుండి క్రైస్తవులైన ఆయన వాద గ్రంథములును వ్రాసిరి, కీర్తనలును వ్రాసిరి. పల్లవి, చరణములు గల మన కీర్తన కట్టడిలోనే ప్రార్థించిరి. వాదములను నేడు చదువువారు కొద్ది మందియే. కీర్తనలను తెలుగు సంఘములు పాడుచునేయున్నవి. వాదము ఎదుటివాని తప్పును చూపును, కీర్తన పాడువాని మనస్సును చూపును. ఏది నిలిచినదో కనబడుచునేయున్నది.

ఈ మధ్య ఒక సంఘమువారు తమ సభ్యుల సాక్ష్యములను చిన్న పుస్తకముగా అచ్చువేసి నాకొక ప్రతి ఇచ్చిరి. ఇంగ్లీషులోనిది. కాగితము మంచిది, అచ్చుతప్పులు లేవు. ఒక స్త్రీ వ్రాసిన రెండు పుటలు, ఆమె నర్సు పని చేసిన రాత్రులను గూర్చినవి, నిజముగా బాగున్నవి, తక్కినవి మూసలోనివే. దాదాపు అన్నిటిలోను ఒక అవ్వ వచ్చును. మార్చిన పాస్టరు గారి పేరు, గుడారము వేసిన స్థలము పేరు, తారీఖు, అన్నియు ఉన్నవి. అవ్వలలో ఒక్కరికిని పేరు లేదు. పుస్తకము ఇచ్చిన పెద్దాయనతో ఆ సంగతి చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, తన అవ్వ పేరు చెప్పి, ఆమె ఏ తోటలో పని చేసినదో చెప్పనారంభించిరి, తెలుగులో.